చివరి వరస

కడియంలో రాజేంద్రగారి నర్సరీకి కొత్త పురుగుమందు ఏది వచ్చినా ముందు సంపూర్ణమ్మ ఎదుట పెట్టాలి. యజమాని అంతటివాడు డబ్బా పట్టుకొచ్చి "ఏమంటావు సంపూర్ణమ్మా?" అని అడుగుతాడు. ఆవిడ గులాబీ అంటు కడుతూ తలెత్తకుండానే ఎప్పుడూ ఒకటే మాట చెబుతుంది.

"చివరి వరసకి కొట్టి పది రోజులు చూద్దామండి."

ఈ పట్టింపు ఊరికే రాలేదు. ఆవిడ భర్త యెహెజ్కేలు అదే నర్సరీలో మందు కొట్టేవాడు. మంచివాడే కానీ ఒట్టి తొందర మనిషి. పదకొండేళ్ల కిందట ఎవరో కొత్త మందు గొప్పదని చెబితే నమ్మి, ఒక్క పూటలో తోటంతా కొట్టేశాడు. మూడో రోజుకల్లా మూడు వేల గులాబీ అంట్లు మాడిపోయాయి. అన్నీ చలికాలమంతా కూర్చుని సంపూర్ణమ్మ కట్టినవే. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేదేమో. అప్పట్నుంచి చొక్కా గుడ్డ ఎంచుకోవాలన్నా ఆవిడ మొహం వంక చూస్తాడు. చర్చిలో కుర్రకారు నవ్వుకుంటారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేస్తాడు.

ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఇరవై ఏళ్లు మందు కొట్టిన మనిషికి ఊపిరితిత్తులు మిగుల్తాయా? ఇప్పుడాయన ఇంటినుంచి చర్చికి వెళ్లేలోపు రెండు చోట్ల ఆగుతాడు. జేబులో పాటల పుస్తకంతోపాటు పీల్చే మందూ ఉండాల్సిందే.

వానలు పట్టిన వారానికి ఆరోగ్య కేంద్రంలో కొత్త ఫ్లూ టీకా వేస్తున్నారని కబురొచ్చింది. ముసలివాళ్లకూ ఆయాసం ఉన్నవాళ్లకూ ముందు వేస్తారట. బుధవారం ఇద్దరూ వెళ్లారు. యెహెజ్కేలు కుర్చీలో కూర్చుంటూనే చొక్కా చెయ్యి భుజందాకా మడిచేశాడు.

"ఆగండి," అంది సంపూర్ణమ్మ.

నర్సు ప్రిస్కిల్లా వాళ్ల చర్చి పిల్లే. సూది పక్కన పెట్టి, "ఏంటి పెద్దమ్మా?" అంది.

"కొత్తదంటున్నారు కదా. దీనివల్ల ఏమవుద్దో ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

ప్రిస్కిల్లా దాచలేదు. చెయ్యి నొప్పెడుతుంది, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, ఎక్కడో నూటికో కోటికో ఒకరికి ఇబ్బంది అవుతుంది, అందుకే అరగంట కూర్చోబెడతాం అంది. టీకా వేయించుకున్నా ఫ్లూ రాదని రాసివ్వలేననీ, వస్తే మాత్రం అంత ముదరదనీ చెప్పింది.

"కరోనా సూదికి ఈయనకి మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. ఆయాసంతో మంచం మీద కూర్చోబెట్టి విసురుతూనే ఉన్నాను," అంది సంపూర్ణమ్మ.

"ఆ జ్వరం తగ్గింది కదా పెద్దమ్మా. పెదనాన్నకున్న ఊపిరికి ఫ్లూ వస్తే తగ్గుద్దని నేను చెప్పలేను."

సంపూర్ణమ్మ తెలివితక్కువది కాదు. రెండు వైపులా భయమే అయినప్పుడు మనిషి తనకు తెలిసిన దారే పట్టుకుంటుంది. ఆవిడకు తెలిసిన దారి ఒక్కటే.

"ముందు నాకు వెయ్యి. పది రోజులు చూసి ఈయన్ని తీసుకొస్తాను."

"పురుగు పక్క తోటదాకా వచ్చేసినప్పుడు కూడా పది రోజులు ఆగుతావా పెద్దమ్మా?"

యెహెజ్కేలు మడిచిన చొక్కా చెయ్యి సంపూర్ణమ్మే కిందికి లాగి, గుండీ పెట్టింది. ఆవిడ టీకా వేయించుకుని, అరగంట కూర్చుని, ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆవిడకు ఒక పూట ఒళ్లు వెచ్చబడింది. రెండు రోజులు చెయ్యి లాగింది. అంతే. శనివారం కాక పై శనివారానికి పది రోజులూ నిండాయి. ఆ టీకా బుధవారాల్లోనే వేస్తారు కాబట్టి బుధవారం వెళదామనుకున్నారు. ఆయన ఉతికిన చొక్కా తీసి చిలక్కొయ్యకు తగిలించి పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున ఆయనకు ఒళ్లు కాలిపోతోంది. మధ్యాహ్నానికి మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. సాయంత్రానికి రాజమండ్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పరీక్ష చేసి ఫ్లూ అన్నారు.

సంపూర్ణమ్మ డాక్టరుగారి వెంటపడి మరీ అడిగింది. "ఆ రోజే వేయించుంటే ఇది వచ్చేది కాదాండి?"

"వచ్చేది కాదేమో. వచ్చినా ఇంతదాకా పోయేది కాదేమో. ఆ రోజు వేయించుకున్నా ఇప్పటికి రెండు వారాలే కదమ్మా, ఇప్పుడిప్పుడే పని మొదలుపెట్టేది. ఖాయంగా ఎవరూ చెప్పలేరు."

తప్పు నీదేనని డాక్టరుగారు తిట్టి ఉంటే బాగుండునని ఆవిడకు అనిపించింది. గులాబీలు మాడిననాడు యెహెజ్కేలు తిట్టించుకోడానికన్నట్టు తన ముందు ఎందుకు నిలబడిపోయాడో ఇన్నేళ్లకు అర్థమైంది.

ఆవిడకు మాత్రం చిన్న దగ్గైనా లేదు. ఒకే గదిలో, ఆయన తిన్న పళ్లెం కడిగి, కఫం ఎత్తిపోసి కూడా నిక్షేపంగా ఉంది. ఆ ఆరోగ్యం ఆవిడకు సిగ్గుగా ఉంది.

ఇంతలో నర్సు సూది పట్టుకుని వచ్చింది. "తాతగారూ, చెయ్యి ఇలా పెట్టండి. ఇంజక్షను."

యెహెజ్కేలు చెయ్యి చాపలేదు. మాస్కు మీదనుంచి కళ్లు తిప్పి సంపూర్ణమ్మ మొహం వంక చూశాడు, సరేనంటుందేమోనని.

సంపూర్ణమ్మ ఆయన చొక్కా గుండీ తీసి, చెయ్యి భుజందాకా మడిచింది. "నన్నడక్కండి," అంది ఏడుస్తూ. "ఇంక దేనికీ నన్నడక్కండి."

ఆయన అప్పటికీ ఆవిడ వంకే చూస్తున్నాడు.