వెనక సీటు కింద ఉప్పు మూటలు

1961లో, వానలు వెనకబట్టాక, జగ్గయ్యపేట షావుకారు గారి పాత ఇంగ్లీషు కారు నందిగామలో నా షెడ్డుకొచ్చింది. అప్పటికే పాతికేళ్ళ బండి. ఏడాది కిందట దాని అడుగంతా గీకి, రెడ్ ఆక్సైడ్, అంటే ఇనుముకి తుప్పు పట్టకుండా ముందుగా వేసే ఎర్రరంగు, కొట్టి, పైన రెండు పూతలు తారు పూసింది నేనే. "ఐదేళ్ళదాకా కిందకి తొంగి చూడక్కర్లేదండీ" అని గొప్పలు కూడా పోయాను. తీరా చూస్తే వెనక సీటు దగ్గర ఫ్లోరు అప్పడంలా విరుగుతోంది.

"నీ పనన్నా బాగోలేదు, లేదా వీడన్నా బండిని మున్నేట్లో దింపి కడుగుతున్నాడు. ఏదో ఒకటి తేల్చు మేస్త్రీ. వీడిదే తప్పైతే ఇవాళే మాన్పించేస్తా" అని షావుకారు కోర్టు పనిమీద వెళ్ళాడు. వీడంటే డ్రైవరు ఏసోబు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లోనే చేస్తున్నాడు.

పిట్‌లోకి, అదే బండి కింద నిలబడి పనిచేసే గోతిలోకి, దిగి చూశాను. ఏటి నీళ్ళయితే తుప్పు కిందనుంచి పట్టాలి. నా తారు చాలాచోట్ల బాగానే ఉంది, తుప్పు లోపల్నుంచి కిందకి దిగింది. చిల్లుల అంచున తెల్లగా పేరుకున్నదేదో నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు! ఛీ అని ఉమ్మేసి సీటు పైకి లేపాను. ఎర్రగుడ్డల్లో కట్టిన కళ్ళుప్పు, పటిక మూటలు ఏడెనిమిది, వానాకాలం చెమ్మకి నీరుగారి ఫ్లోరుకి అతుక్కుపోయున్నాయి.

"దిష్టి తగలకుండా పెద్దమ్మగారు అమాసమాసకీ పెట్టిస్తారండి," అన్నాడు ఏసోబు. "నేను వద్దంటే, కిరస్తానీవోడివి నీకేం తెలుసురా అంటారు. మీరు చెబితే వింటారు మేస్త్రీగారూ. ముగ్గురు పిల్లలండి నాకు."

"నేను చెప్తాగా, నువ్వూరుకో," అన్నాను.

షావుకారు సాయంత్రం వచ్చాడు. "అయ్యా, సీటు కింద ఉప్పు..." అన్నానో లేదో, కళ్ళెర్రజేశాడు.

"మా అమ్మ చేసినదానికి వంక పెడతావా? ఉప్పుకి ఇనుం కరిగిపోద్దా? నీ పనా, నీళ్ళా? అంతవరకే చెప్పు."

జగ్గయ్యపేట నుంచి నాకొచ్చే బళ్ళన్నీ ఆయన మాట మీద వచ్చేవే. "నీళ్ళవల్ల కూడా కావచ్చండీ," అన్నాను. నా నోరు పడిపోను!

ఏసోబు తాళంచెవి బానెట్ మీద పెట్టి రోడ్డెక్కాడు. నేను ఫ్లోరుకి కొత్త రేకు వెల్డింగ్ చేసి మళ్ళీ తారు పూశాను. షావుకారు కొత్త మూటలు తెప్పించి నా కళ్ళముందే సీటు కింద పెట్టించాడు. కారు పాడుచేసినవాడన్న పేరు పడ్డాక ఏసోబుకి ఆ చుట్టుపక్కల ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు.

నాలుగేళ్ళకి కంచికచర్లలో కనిపించాడు, లారీకి మిరపకాయల బస్తాలు మోస్తూ. నన్ను చూసి బస్తా దించాడు. నేనే ఆగలేక, "తప్పు చేశాను ఏసోబూ," అన్నాను.

"చెప్పలేనంటే సరిపోయేదండి," అన్నాడు. "ఆయన కాళ్ళో వేళ్ళో నేనే పట్టుకునేవోణ్ణి. మీరు చెప్తానన్నారని ఊరుకున్నా."

ఆ తర్వాత ఏ డ్రైవరు బతిమాలినా, నీ తరఫున చెప్తానని నేను ఒప్పుకోలేదు. ధైర్యం నేర్చుకోవాల్సిన చోట నేను నేర్చుకున్నది అదొక్కటే.