మలుపు తెలియని మధ్యాహ్నం

పదిహేడేళ్లుగా ఆమె బడి బస్సు నడుపుతోంది. పిల్లలందరికీ డ్రైవరత్త. ఏ ఇంటి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ తల్లి రోజూ ఆలస్యంగా పరిగెత్తుకొస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కూడలిలో బస్సు ఆపి, ఎటు తిప్పాలో తెలియక కూర్చుండిపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి. రెండో తరగతి పిల్ల ముందుకొచ్చి, "అత్తా, ఎడమకి. మర్చిపోయావా?" అంది.

"నీకు తెలుసో లేదో చూశాలే" అని నవ్వేసి, బస్సు ఎడమకి తిప్పింది.

ఆమె తల్లి చివరి ఆరేళ్లూ మతిమరుపు జబ్బుతో గడిపింది. కన్నకూతురినే "ఎవరమ్మాయివి నువ్వు?" అని అడిగేది. ఆ జబ్బే తనకూ వచ్చిందని ఆమె తీర్మానించుకుంది. ఎవరికీ చెప్పలేదు. మలుపులన్నీ చీటీ మీద రాసి అద్దం కింద అంటించుకుంది. తిండి సయించదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. ఎనిమిది నెలల కిందట అక్క పోయింది. మూడో రోజే డ్యూటీకి వెళ్లిపోయిన ఈమెకు, ఆ సంగతికీ దీనికీ సంబంధం ఉండొచ్చని తట్టనే లేదు.

వారం తిరక్కుండానే ఒక పిల్లను దింపాల్సిన చోట దింపకుండా రెండు వీధులు దాటిపోయింది. ఆ సాయంత్రం బస్సు తాళాలు మేనేజరు బల్లమీద పెట్టి, ఒంట్లో బాగాలేదని సెలవు అడిగింది. ఇంటికెళ్లి కూతురికి అంతా చెప్పింది.

కూతురు ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, మెదడు స్కాను. ఫలితాల కోసం పది రోజులు. అన్నాళ్లూ ఆమె ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు తనలో తానే వల్లెవేసుకుంటూ తిరిగింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "మీ అమ్మగారి జబ్బు లక్షణాలేవీ కనబడలేదు. ఇది డిప్రెషన్. మెదడు లోపల హిప్పోక్యాంపస్ అని చిన్న భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలకీ, దారులు గుర్తుండడానికీ అది కావాలి. డిప్రెషన్ ఎక్కువకాలం ఉన్న కొందరిలో అది కాస్త చిన్నదవుతుంది, మందగిస్తుంది."

"స్కానులో కనబడిందా అండీ?"

"ఒక్క స్కాను చూసి ఎవరూ చెప్పలేరు. మీరు తినకపోవడం, నిద్రలేకపోవడం, అక్క మాటెత్తితే కిటికీ వైపు తిరిగిపోవడం... అవి చూసి చెప్తున్నాను."

మళ్లీ బాగవుతుందా అని అడిగింది. చికిత్సతో చాలామందికి మెరుగవుతుందని, ఎంతవరకన్నది ఇప్పుడే మాటివ్వలేనని డాక్టరమ్మ అంది.

"నేను దిగులుపడే మనిషిని కానండీ" అందామె.

"పెద్దమ్మ పోయాక ఒక్కసారైనా ఏడ్చావా అమ్మా?" అంది కూతురు.

ఆమె తిరుగు ప్రయాణంలో, ఎవరో నడుపుతున్న సిటీ బస్సులో కూర్చుని, దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ఏడ్చింది.

మందులు, వారం వారం కౌన్సెలింగు, పొద్దున్నే నడక. మొదటి నెల ఏ తేడా లేక ఇంకా భయపడింది. ఐదో నెలలో మేనేజరు పక్కన కూర్చోగా ఖాళీ బస్సు నడిపింది. ఇప్పుడు పొద్దుటి ట్రిప్పు మాత్రమే వేస్తోంది. సాయంత్రం ట్రిప్పు ఇస్తామంటే ఇంకో నెల ఆగుతానంది. ఇన్నాళ్లూ ఎత్తని బావ ఫోను నిన్న ఎత్తింది. అక్క బట్టలు ఎవరికివ్వాలా అని ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.