మాణిక్యమ్మ చేతి టంకం

ఛత్రినాకలో మాణిక్యమ్మ రిపేరు దుకాణానికి ఒక షట్టరు, లోపల ఒక బల్ల, అంతే. మిక్సీలు, టీవీ బోర్డులు, ఇన్వర్టర్లు, బస్తీవాళ్ల చార్జర్లు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో టంకం పెట్టే వరసలో గడిచాయి. కరిగిన లోహపు చుక్కతో పార్టుల కాళ్లను బోర్డుకు అతికించడం అక్కడ ఆమె పని. ఆమె అతికించిన బోర్డు తనిఖీలో తప్పడం చాలా అరుదని తోటివాళ్లు చెప్పుకునేవారు. తర్వాత యంత్రాలు వచ్చాయి, చేతిపనివాళ్లను ముందే రిటైరు కమ్మన్నారు. ఇంటికొచ్చిన మాణిక్యమ్మ మూడు నెలలు కూడా ఊరికే కూర్చోలేకపోయింది, దుకాణం తెరిచింది. భర్త ఎల్లప్ప ఆర్టీసీ డ్రైవరు. ఈ వయసులో ఈ లొల్లి ఎందుకని మొదట్లో గొణిగాడు. తాను కూడా రిటైరయ్యాక మాత్రం పొద్దున్నే షట్టరెత్తి, బల్ల తుడిచే పని తనే పెట్టుకున్నాడు.

మొన్నటి ఆషాఢంలో, బోనాలకు వారం ముందు, సైదాబాద్ నుంచి మైథిలి అనే అమ్మాయి వచ్చింది. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం చదువుతోంది. వాళ్లది కాకినాడ దగ్గర. తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్లమ్మ మిక్సీని ఒకసారి మాణిక్యమ్మే బాగుచేసింది. ఆ నమ్మకంతో, గుడ్డసంచిలోంచి జానెడుకంటే పొడవైన, ఫ్యాన్లు బిగించిన ఒక పలక తీసి బల్ల మీద పెట్టింది. అది కంప్యూటరులో బొమ్మలను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు.

వినికిడి లేని పిల్లల కోసం ఒక బడి భవనాన్ని ఆమె ఏడాదిగా గీస్తోంది. పిల్లలు ఏ మూల నిలబడ్డా ఒకరి చేతులు ఒకరికి కనబడేలా గోడలను, కిటికీలను అమర్చింది. ఆ భవనంలో నడుస్తున్నట్టు ఉండే వీడియోను ఐదు రోజుల్లో పరీక్షకుల ముందు చూపించాలి. సగం తయారయ్యేసరికి తెర నిండా ఆకుపచ్చ గీతలు పడ్డాయి. సర్వీసు సెంటరులో పది నిమిషాలు చూసి కార్డు చచ్చిపోయిందన్నారట, కొత్తది కొనుక్కోమన్నారట. వాళ్లన్నయ్య వంశీధర్ ఇంటర్నెట్టులో చూసి ఇంకో ఉపాయం చెప్పాడట.

"కేకులు చేసే ఓవెన్‌లో పెడితే లోపలి అతుకులు కరిగి మళ్లీ అతుక్కుంటాయన్నాడండి. పెట్టేద్దామా అనుకున్నాను" అంది మైథిలి.

"పెట్టకు బిడ్డా. వేడి అంతటికీ ఒక్క తీరుగ తాకుతది. ఒక్క అతుకు కోసం బోర్డు మొత్తం కాల్తది. ఆ పొగ తగిలిన ఓవెన్ల మల్ల తినేటివి వండుతవా?" అంది మాణిక్యమ్మ. కంప్యూటరు డబ్బా కూడా తెమ్మని చెప్పి పంపింది.

ఇంత పెద్ద కార్డును ఆమె ఎప్పుడూ బాగుచేయలేదు. ఆ సంగతి దాచకుండా మర్నాడు మైథిలికి చెప్పింది కూడా. ఫ్యాన్లు విప్పేసి, కార్డును డబ్బాలో పెట్టి, డబ్బాను దుకాణంలోని పాత టీవీకి కలిపింది. ఆకుపచ్చ గీతలు కనబడ్డాయి. అందరూ అనుమానించేది మధ్యలో ఉన్న పెద్ద చిప్పును. దాని చుట్టూ ఎనిమిది చిన్న చిప్పులున్నాయి. బొమ్మల లెక్కలను గుర్తుపెట్టుకునేవి అవి. మాణిక్యమ్మ పెన్సిలు రబ్బరుతో ఒక్కోదాన్నీ మెల్లగా నొక్కుతూ టీవీ వైపు చూసింది. పెద్దదాన్ని నొక్కినా గీతలు పోలేదు. ఒకటి, రెండు, మూడు... కుడివైపు కింది మూలనున్న చిప్పును నొక్కగానే తెర తేటగా అయింది. రబ్బరు తీసింది. గీతలు మళ్లీ వచ్చాయి.

"పెద్దదాని తప్పు కాదు. గీ చిన్నదాని కింద అతుకు పగిలింది" అంది.

పగిలిన అతుకును కరిగిస్తే సరిపోతుందేమోనని మొదట అదే చేసింది. బోర్డును కింద నుంచి నెమ్మదిగా వెచ్చబెట్టి, మిగతా చిప్పులకు వేడి తగలకుండా రేకు కప్పి, ఆ ఒక్కదాని మీదికి వేడిగాలి వదిలింది. గాలి తగిలితే అతుకు చెడుతుందని ఎల్లప్ప ఫ్యానాపి, షట్టరు సగం దించి గుమ్మంలో కూర్చున్నాడు. కార్డు పనిచేసింది, తెర మీద గీతలు లేవు. మైథిలి చేతులు జోడించబోయింది. మాణిక్యమ్మ ఆగమంది. ఫ్యాన్లు మళ్లీ బిగించి, వీడియో పని పెట్టి చూస్తే నలభై నిమిషాలకు గీతలు తిరిగొచ్చాయి.

మాణిక్యమ్మ ఆ మధ్యాహ్నం అన్నం సగంలోనే లేచింది. పగిలిన పాత లోహాన్నే కరిగించడం పుండు మీద కట్టు మార్చినట్టేనని ఆమెకు అర్థమైంది. చిప్పును పూర్తిగా ఊడదీసి, కింద పాత టంకమంతా తీసేసి, కొత్త టంకం గుండ్లు అమర్చి తిరిగి కూర్చోబెట్టాలి. నూట ఎనభై గుండ్లు. ఒక్కోటి ఆవగింజలో మూడో వంతు కూడా ఉండదు. వాటి కోసం, వాటిని వరసగా నిలిపే సన్నని చిల్లుల రేకు కోసం ఎల్లప్ప బస్సెక్కి కోఠికి వెళ్లొచ్చాడు.

ఆమె వెంటనే మైథిలి కార్డును ముట్టలేదు. పాతసామాను కొట్టు నుంచి తెచ్చిన చచ్చిన బోర్డుల మీద ఒక రోజంతా సాధన చేసింది. మొదటి చిప్పు వంకరగా కూర్చుంది. రెండోదాని గుండ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మూడోది, నాలుగోది సరిగ్గా వచ్చాయి. ఐదోది కూడా సరిగ్గా వచ్చాకే అసలు పని మొదలుపెట్టింది.

గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. చిప్పును ఊడదీసి, కొత్త గుండ్లు అమర్చి, ఊపిరి బిగబట్టి దాని చోట పెట్టింది. వేడి ఎక్కింది. పట్టకారు మొనతో చిప్పును వెంట్రుకవాసి పక్కకు నెట్టి వదిలింది. అది తనంతట తానే జారి సొంత చోటికొచ్చి నిలిచింది. కిందున్న గుండ్లన్నీ ఒక్కసారే కరిగితేనే అట్లా జరుగుతుంది. మాణిక్యమ్మ వేడి ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బోర్డు చల్లారేదాకా కదలకుండా కూర్చుంది.

ఫ్యాన్లు బిగించి మళ్లీ వీడియో పని పెట్టింది. ఈసారి నలభై నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. మైథిలి వీడియో పని అక్కడే నడుస్తోంది. బడి వరండా, వెలుగు పడే గోడలు, గుండ్రటి తరగతి గది టీవీలో ఒకటొకటిగా తయారవుతున్నాయి. మూడు గంటలైనా ఒక్క గీత పడలేదు. ఎల్లప్ప ఎదురింటి వాళ్లను కూడా పిలుచుకొచ్చాడు. ఆ ఇరుకు దుకాణంలో తొమ్మిదిమంది నిలబడి ఇంకా కట్టని బడిని చూశారు.

"ఇది నేను గీసిందేనా అనిపిస్తోందండి" అంది మైథిలి.

"నువ్వే గీసినవ్. నేను అతుకేసిన, అంతే" అంది మాణిక్యమ్మ. అన్నది గానీ, ముఖంలో నవ్వు ఆపుకోలేకపోయింది. కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు ఆమె అతికించిన వేల బోర్డులు ఎక్కడికి పోయాయో, ఏం చేశాయో ఎన్నడూ చూడలేదు. తన అతుకు మీద ఇంత పెద్ద పని నడవడం కళ్లారా చూడడం ఇదే మొదలు.

మైథిలి బడి ఆ ఏడాది కాలేజీలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ సంగతి చెప్పడానికి తల్లిని వెంటబెట్టుకుని, పూతరేకులు పట్టుకుని వచ్చింది. వాళ్లు బల్ల దగ్గర కూర్చుని ఉండగానే బహదూర్‌పురా నుంచి ఒకతను మూడు కార్డులు తెచ్చి, ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలు మీ పేరు చెప్పారన్నాడు. మాణిక్యమ్మ వాటిని తిప్పి తిప్పి చూసింది. ఒకదాని చిప్పే కాలిపోయిందనీ, దానికి తను చేయగలిగింది లేదనీ చెప్పి తిరిగిచ్చేసింది.

"గీ రెండు వదిలిపో అన్నా. బతుకుతయ్" అంది. వచ్చినవాళ్లకు చాయ్ చెప్పమని ఎల్లప్పను పంపి, కళ్లద్దాలు పెట్టుకుని మొదటిదాని ఫ్యాన్లు విప్పడం మొదలుపెట్టింది.