పొట్ట ఉబ్బిన గిటారు

మొన్న ఆదోనిలో ఒక గిటారు కచేరీ జరిగింది. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి, మా ఇంటామెను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను సంగీతం కోసం వెళ్లానంటే ఆమె ఒప్పుకోదు, ఎవరితోనైనా గొడవ పెట్టుకోవడానికి వెళ్లానంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆరింటికి కచేరీ అని గోడల నిండా అంటించి, ఏడు దాటినా వేదిక మీద ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటూ కూర్చుంటే ఎవరికి మండదు? శాలువాలు అయిపోయాక మైకు పట్టుకున్న కుర్రవాడు, వచ్చిన కళాకారుడి దగ్గర ‘వింటేజ్ గిటార్లు’ ఉన్నాయని చెప్పిందే చెప్పాడు. పాతవి అంటే నోరు పడిపోతుందా అని నేను కొంచెం గట్టిగానే అన్నాను. “ఊరికుండప్పా. వింటే నిన్ను గూడా అదే అంటారు,” అంది మా ఇంటామె.

ఆ తరువాత వచ్చిన మనిషిని చూసి నా కోపం సగం దిగిపోయింది. బళ్లారి వైపువాడట, తల నెరిసింది. వెలుగులూ పొగలూ వద్దని చేత్తో సైగ చేసి, మామూలు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన మూడు గిటార్లు నిలబెట్టి ఉన్నాయి. మూడింటిలో ఒక్కదానికీ కరెంటు తీగ లేదు. గిటారు నడుమ ఉన్న గుండ్రటి బొక్క ముందు మైకు పెట్టించుకుని, తీగను వేలితో తాకి, చెక్కకు చెవి ఆనించి విన్నాడు. అలా ఎంతసేపు విన్నా జనం గొణగలేదు. రెండో పాటకు నడిమి గిటారు అందుకున్నాడు. పాత బెల్లం రంగు. వాయించే చేయి రాసుకుని రాసుకుని ఒకచోట మెరుగు పోయి తెల్ల చెక్క బయటపడింది. వెలుతురు పక్కనుంచి పడినప్పుడు, తీగలు కట్టే బ్రిడ్జి వెనక చెక్క ఉబ్బి ఉండటం కనిపించింది. భోజనం చేసి లేచిన మనిషి పొట్టలాగా. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆ పొట్ట నాకు తెలుసు.

మా మామది ఎమ్మిగనూరులో గుంత మగ్గం. అమ్మకు తమ్ముడు. ఒకసారి గుంతకల్లు రైల్వే కాలనీకి దుప్పట్లు అమ్మబోయి, ఊరు విడిచి పోతున్న ఒక ఇంజను డ్రైవరు దగ్గర దుప్పట్లకు మారుగా గిటారు తెచ్చుకున్నాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదు. తెలిసింది మగ్గమే. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, రాత్రికి వదులవుతుంది, పొద్దున గుంతలో దిగే ముందు బిగించాలి. బిగించి, పోగుల మీద అరచేయి పెట్టి చూసుకోవాలి. మామ గిటారును కూడా అట్లే చూసుకున్నాడు. రోజూ పొద్దున ముందు పడుగు బిగించేవాడు, తరువాత గిటారు తీగలు బిగించే చెవులు ఒక్కొక్కటీ మెలి తిప్పేవాడు. అదేమిటి మామా అంటే, “వదులు పోగుతో గుడ్డ నిలుస్తాదా? దీనికి మాత్రం యాడిది వేరే న్యాయం?” అనేవాడు. సన్న తీగలు తెగిపోయాయి. మందం తీగలు తెగక చెక్కను లాగాయి. ఒక మధ్యాహ్నం టప్‌మని బ్రిడ్జి పైకి లేచింది. అత్త ఇంట్లో ఏ కుండో పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చింది. మామ చింతగింజల బంక కాచి, పూసి, గుడ్డ చుట్టిన ఇటుకలు బరువు పెట్టి బ్రిడ్జిని అతికించాడు. అది నిలిచింది. బ్రిడ్జి చుట్టూ బంక గోధుమ రంగు గీతలాగా మిగిలింది. పొట్ట మాత్రం దిగలేదు.

తరువాత చర్చిలో గిటారు వాయించే ఆయన దగ్గర కూర్చుని మామ శ్రుతి నేర్చుకున్నాడు, పాటలు నేర్చుకున్నాడు. మగ్గం ఆడించిన వేళ్లు కదా, తీగల మీద తడబడేవి కావు. ఉరుకుంద తిరునాళ్లకు భజన బృందంతో పోతే అక్కడ కూడా గిటారే వాయించేవాడు. ఒకసారి ఆ తిరునాళ్లకు పోయే బస్సులో ఎవరో అన్నారు: “ఏమప్పా, నీ గిటారుకు ఎన్నో నెల?” బస్సంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి వాయించేటప్పుడల్లా బ్రిడ్జి వెనక తువ్వాలు కప్పుకునేవాడు. బాగా వాయించినావని ఎవరన్నా అంటే, “మంచి వస్తువు. నా చేతిలో పడి చెడిపాయ,” అనేవాడు. పోయేదాకా అదే మాట. ఆయన పోయాక అత్త ఆ గిటారును పాటలు పాడుకునే ఒక బృందానికి ఇచ్చేసింది. వాళ్లు దాన్ని ఏ ఊరికి తీసుకుపోయారో మాకు తెలియదు.

అందుకని ఆదోనిలో ఆ పాట నేను సరిగా వినలేదు, ఆ చెక్కనే చూస్తూ కూర్చున్నాను. అంత తీయగా పలుకుతున్నది మామ గిటారే అయితే, అది చెడిపోలేదన్నమాట. కచేరీ అయిపోగానే వేదిక దగ్గరికి నడిచాను. ఆ మైకు కుర్రవాడు అడ్డం వచ్చాడు. సెల్ఫీలు రేపు అన్నాడు. సెల్ఫీ ఎవడడిగినాడురా అని నేను మొదలుపెట్టేలోగా కళాకారుడే, “రానీ అప్పా, పెద్దాయన్ను రానీ,” అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా గిటారు నా ఒళ్లో పెట్టాడు. కళ్లజోడు సర్దుకుని బ్రిడ్జి చుట్టూ వెతికాను. గోధుమ గీత లేదు. లోపల అంటించిన కాగితం మీద ఏదో పరదేశం పేరు. మామది కాదు.

“మరి ఈ పొట్ట?” అన్నాను.

“ఇవి గూడా చూడు,” అని మిగిలిన రెండూ పక్కకు తిప్పి చూపించాడు. రెండింటికీ ఉంది. “తీగలు ఇన్నేండ్లు లాగితే ఎట్లాంటి చెక్కైనా లేస్తాది పెద్దాయనా. మీ మామ తొందరపడి బ్రిడ్జి లేపినాడు, అది ఆయన పనే. పొట్ట మాత్రం ఎట్లైనా వచ్చేదే. ఆమాత్రం లేవని చెక్క పలకదు. నేను గిటారు కొనేకి పోతే ముందు అదే చూస్తా.”

“మా మామ తువ్వాలు కప్పుకునేటోడు,” అన్నాను.

ఆయన నా ఒళ్లోంచి ఆ గిటారు తీసుకుని, మైకు లేకుండా, మా ఇద్దరికే ఒక చిన్న ముక్క వాయించాడు. కుర్చీలు ఎత్తుతున్నవాళ్లు కూడా ఆగారు. మా ఇంటామె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తిరుగు బస్సులో నేను ఎవరినీ తిట్టలేదని ఆమెకు భయం వేసి, ఒంట్లో బాగుందా అని అడిగింది. తిట్టాలంటే ఆనాడు బస్సులో నవ్వినవాళ్లను తిట్టాలి. వాళ్లలో ఇప్పుడు ఎవరు మిగిలారు? ఒక మనిషి సిగ్గును తీసివేయగల మాట కాలం దగ్గర ఉండనే ఉంటుంది. ఆ మనిషి ఉండగానే తెచ్చి ఇవ్వాలన్న తొందర మాత్రం దానికి లేదు.