అభ్యంతరం తాత నోరు మెదపని పూట

తాతకు ఉన్న జబ్బల్లా ఒకటే. ఎవరేం చెప్పినా "అభ్యంతరం" అంటాడు. లేవమంటే అభ్యంతరం, పడుకోమంటే అభ్యంతరం. భోజనానికి రమ్మని బామ్మ పిలిస్తే, "అభ్యంతరం, ఇంత తొందరగానా?" అంటూనే అందరికంటే ముందు కంచం దగ్గర కూర్చుంటాడు.

మనవరాలు పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు హెడ్మాస్టరు కబురు పెట్టాడు.

"మీ అమ్మాయి తప్పిందండీ."

"అభ్యంతరం."

"దేనికండీ, మార్కులకా?"

"ప్రశ్నలకి. మీరడిగినవి దానికి రావు. దానికొచ్చినవి మీరడగలేదు."

ఆ దెబ్బతో పిల్ల చదువు ముగిసింది, తాత జీపుకి డ్రైవరు పని మొదలైంది. ఇద్దరికీ అదే సుఖంగా ఉంది.

ఇంట్లో నవ్వులాటగా చెల్లిపోయే ఈ జబ్బు, జాతీయ చిన్న గనుల యజమానుల సంఘంలో మాత్రం పెద్ద తలనొప్పి. తాతకు చిన్న బలపపు రాయి గని ఒకటుంది. ఆ హోదాలో ఆయన సంఘం సభ్యుడు. సంఘంలో ఎవరి గని ఏదో అడగక్కర్లేదు. చొక్కా దులిపితే తెల్లపొడి రాలితే బలపపు రాయి, కనుబొమలు తళతళలాడితే అభ్రకం, కూర్చున్న కుర్చీకి ఎర్రమచ్చ మిగిలితే ఇనుప రాయి.

అక్కడొక నియమం ఉంది. తీర్మానం చదివాక అధ్యక్షుడు "ఎవరికైనా అభ్యంతరమా?" అని మూడుసార్లు అడగాలి. ఒక్కరు కాదన్నా తీర్మానం మరుసటి సభకు వాయిదా. అయితే ఊసుపోక కాదనేవాళ్ళకు ముకుతాడు వేయడానికి ఒక మెలిక కూడా పెట్టారు. కాదన్నవాడే సంబంధిత గనిలోకి దిగి, కళ్ళారా చూసి వచ్చి చెప్పాలి. ఆ మెలికతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. తాత నోరు ఇంకాస్త తెరుచుకుంది. కాదనడం, దిగడం, బొప్పితో ఇంటికి రావడం. దేశంలో ఆయన నెత్తి తగలని గని కప్పు లేదని బామ్మ గొణుక్కునేది.

ఒకసారి ఎవరో సభ్యుడు పోతే రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు.

"అభ్యంతరం," అన్నాడు తాత.

"అయ్యా, దీనికి కూడానా!"

"బతికున్నన్నాళ్ళూ ఆయన్ని మీరు మాట్లాడనిచ్చారా? ఆ రెండు నిమిషాలూ ఆయన గురించి మాట్లాడండి."

మాట్లాడారు. సాయంత్రం దాకా మాట్లాడారు. టీ చల్లారిపోయింది.

ఇలా సాగుతుండగా తాతకు మోకాళ్ళు అరిగాయి, ఆయాసం పట్టుకుంది. "ఇంకొక్క నిచ్చెన దిగారంటే పైకి రావడం మీ చేతుల్లో ఉండదు," అన్నాడు డాక్టరు. "అభ్యంతరం," అన్నాడు తాత. డాక్టరు ఇక ఆయనతో వాదించకుండా బామ్మతో చెప్పాడు. బామ్మ తాత దగ్గర గట్టిగా మాట తీసుకుంది. మనవరాలికి విడిగా ఉత్తర్వు వేసింది.

"మీటింగులో పక్కనే కూర్చో. ఆయన నోరు తెరిస్తే చొక్కా పట్టి లాగు. లాగలేదో, ఇద్దరూ ఆ జీపులోనే కాపురం పెట్టుకోండి."

సరిగ్గా ఆ సభకే పలకలమ్మ గొడవ వచ్చింది.

పలకలమ్మ అంటే పలకరాయి గని నడుపుకునే ఒంటరి మనిషి. వానలకు ఆమె గనిలో ఊతకర్రలు పుచ్చిపోయి, కప్పు నుంచి ఓ పెచ్చు ఊడిపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె ఆ క్షణమే పని ఆపేసింది. కొత్త కలప వేసేదాకా గడువివ్వమని అడుగుతోంది. కానీ రాయి పేల్చే మందుగుండు సంఘమంతటికీ ఒకే లైసెన్సు మీద వస్తుంది. ఒక గని పాడైనా అధికారి అందరికీ ఆపేయగలడు. అందుకని ఆమెను సంఘం నుంచి తీసేయాలని తీర్మానం. తీసేస్తే ఆమెకు మందుగుండు రాదు. గని మూతపడుతుంది. దాని మీద బతికే ఊరు పొయ్యి ఆర్పుకోవాలి.

మందుగుండు అధికారి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మాట్లాడిన ప్రతివాడి వంకా, గుర్తుపెట్టుకుంటున్నట్టు, తల తిప్పి చూస్తున్నాడు. పలకలమ్మ తలుపు పక్క కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది.

అధ్యక్షుడు తీర్మానం చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరికైనా అభ్యంతరమా?"

తలలన్నీ తాత వైపు తిరిగాయి. మనవరాలు చొక్కా అంచు పిడికిట్లో బిగించింది. తాత దవడలు బిగుసుకున్నాయి. నుదుట చెమట పట్టింది. మాట మాత్రం లేదు.

వెనక వరస నుంచి అభ్రకం ఆసామి ముందుకు వంగి మనవరాలి చెవిలో గుసగుసలాడాడు. "అమ్మాయ్, తాతకి ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఏం?"

"మరి అనడేంటి? నిన్న జీపు దగ్గరికొచ్చి చెప్పుకున్నాను. అధికారి చూస్తుండగా నేనంటే బాగోదు, మీరనండి బాబాయ్ అని."

"తాత ఏమన్నాడు?"

"చూద్దాం అన్నాడు."

పక్కనున్న ఇనుప రాయి ఆసామి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు కూడా వెళ్ళావా? నేను పొద్దున వెళ్ళాను!"

మనవరాలికి బుర్ర గిర్రున తిరిగింది. ప్రతి మీటింగు ముందూ జీపు చుట్టూ ఎవరో ఒకరు తచ్చాడటం, తాత ఆమెను టీకి పంపించేయడం గుర్తొచ్చాయి. లెక్కల్లో తప్పిన బుర్రకు కూడా ఈ కూడిక తేలిగ్గానే వచ్చింది. ఇన్నేళ్ళూ తాత అన్న అభ్యంతరాల్లో చాలామటుకు ఆయనవి కావు!

"రెండోసారి అడుగుతున్నాను," అన్నాడు అధ్యక్షుడు. "ఎవరికైనా... అభ్యంతరమా?"

అధ్యక్షుడు వేదిక దిగి, నీళ్ళ కూజా కోసం వచ్చినట్టు వచ్చి, తాత మీదికి వంగాడు.

"పెద్దాయనా, ఏంటిది! మొన్న ఇంటికొచ్చి అంతలా బతిమాలానే!"

"మీరేగా తీర్మానం పెట్టింది!" అంది మనవరాలు.

"పెట్టకపోతే అధికారి ఊరుకోడమ్మా. పెడతాను, ఈయన ఆపేస్తాడు, అనుకున్నాను."

తాత మనవరాలి వంక చూశాడు. ఆ చూపులో బామ్మ ఉంది, పలకలమ్మ ఉంది, ఇద్దరి మధ్యా నలిగిపోతున్న ముసలాయన ఉన్నాడు.

"మూడోసారి..." అధ్యక్షుడు మళ్ళీ వేదికెక్కాడు. "ఆఖరుసారి అడుగుతున్నాను..."

తాత పెదవులు విడ్డాయి. మనవరాలు కళ్ళు గట్టిగా మూసుకుని చొక్కా వదిలేసింది.

"అభ్యంతరం!"

గొంతు తాతది కాదు. కళ్ళు తెరిచి చూస్తే, అభ్రకం ఆసామి లేచి నిలబడి ఉన్నాడు. తను లేచాడని తనకే నమ్మకం లేనట్టు, కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాక్కూడా," అన్నాడు ఇనుప రాయి ఆసామి.

ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. హాలంతా లేచింది. చివరికి అధ్యక్షుడు కూడా, "ఈ కుర్చీలోంచి పక్కకొచ్చి చెబుతున్నాను," అని నిజంగానే పక్కకొచ్చి, చెయ్యెత్తాడు.

అధికారి అందరి మొహాలూ కలయజూసి, గుర్తుపెట్టుకోవడం మానేశాడు. "సరే, మీ నియమం ప్రకారం ఆగుతాను. కలప వేశాక నేనే వచ్చి చూస్తాను. కానీ కాదన్నవాళ్ళంతా గనిలోకి దిగాలిగా?"

పెద్ద పెద్ద పొట్టలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"మా నిచ్చెన అంత బరువు ఆగదండీ," అంది పలకలమ్మ, అప్పటిదాకా బిగబట్టినదంతా నవ్వుగా వదిలేస్తూ. "వచ్చేటప్పుడు తలా ఓ దుంగ పట్టుకు రండి. ముందు నిచ్చెనకి ఊతం, తర్వాత కప్పుకి." అందరూ తలలూపారు. ఖాళీ చేతులతో వెళ్ళడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

తర్వాత ఆమె తాత దగ్గరికి వచ్చింది. "అయితే బాబాయ్ గారూ, నన్ను తీసేయడానికి ఒప్పుకున్నది మీరొక్కరేనన్నమాట!"

తాత మొహం చూడాలి! జన్మలో మొదటిసారి ఒక తీర్మానాన్ని బలపరిచాడు, అదీ ఒంటరిగా.

జీపులో మనవరాలు ఉండబట్టలేక అడిగింది. "అందరి మాటలూ నువ్వెందుకు మోశావు తాతా? వాళ్ళకి నోళ్ళు లేవా?"

"వాళ్ళకి అధికార్లతో పనులుంటాయే. అల్లుళ్ళకి ఉద్యోగాలు కావాలి, లారీలకి పర్మిట్లు కావాలి. నాకేం కావాలి? మీ బామ్మంటే తప్ప భయం లేదు."

ఆ భయం గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నోరు తెరిచారా?"

"తెరవలేదు."

"నిజమేనటే?"

"నిజం బామ్మా. ఒక్క ముక్క అనలేదు."

బామ్మ మొహం వెలగాల్సింది పోయి ఎర్రబడింది. "అయితే ఆ పలకల పిల్ల గతేంటి? అది అన్ని తిప్పలు పడుతుంటే గుడ్లప్పగించి కూర్చున్నారా? బుద్ధి ఉండక్కర్లేదూ! ఎప్పుడూ వినని మాట ఇవాళే వినాల్సొచ్చిందా మీకు?"

తాత నెమ్మదిగా వెనక్కి తిరిగి జీపెక్కి కూర్చున్నాడు.