ఉప్పు గదిలో సిమెంటు

మైదుకూరు బజారులో కేశవయ్యకు కిరాణా అంగడి ఉంది. కొనేవాణ్ణీ నమ్మడు, అమ్మేవాణ్ణీ నమ్మడు. తన నీడను కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునే రకమని భార్య రాజ్యలక్ష్మమ్మ దెప్పేది. అలాంటి మనిషి యాభై రెండో ఏట, రెండువేల ఐదులో, సొంత ఇల్లు మొదలుపెట్టాడు. ఇక కంటికి కునుకెక్కడిది!

మేస్త్రీ దావీదురాజు. పనిలో వంక పెట్టలేని చెయ్యి. గోడలు కిటికీల ఎత్తు లేచేదాకా ఏ పొరపొచ్చమూ రాలేదు. ఒక ఆదివారం కేశవయ్య బెల్లం బేరానికి పోతూ మేస్త్రీ ఇంటి ముందు కొత్త అరుగు చూశాడు. నున్నటి సిమెంటు అరుగు, ఇంకా తడైనా ఆరలేదు. అది తన సిమెంటేనని ఆయనకు అనుమానం పట్టుకుంది.

"మన ఇల్లు ఈడ లేస్తాంటే, అరుగు ఆడ లేస్తాండాది," అన్నాడు ఇంటికొచ్చి.

"ఊర్లో సిమెంటంతా మన ఇంటికేనా ఒచ్చేది? ఆయప్పనే అడగరాదా?" అంది రాజ్యలక్ష్మమ్మ.

అడిగితే దొంగ జాగ్రత్తపడడూ! కేశవయ్య అడగలేదు. మర్నాడే సిమెంటు మూటలన్నీ ఎత్తించి, అంగడి వెనక గదిలో ఉప్పు మూటల చాటున పేర్పించాడు. ఉప్పు గదిలో దొంగకేం పని అని ఆయన తెలివి. ఎవరైనా మూటలు మార్చేస్తారేమోనని ఒక్కొక్కదాని మీదా తన చేత్తోనే ఎర్రరంగుతో 'శ్రీ' రాశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. రోజూ పొద్దున ముందు వరసలో నుంచి కావలసిన మూటలు తన హమాలీతోనే పంపేవాడు. కొత్తగా కొన్నవి మళ్లీ ముందు వరసలోనే చేరేవి. వెనకవి వెనకే ఉండిపోయాయి.

"సిమెంటు యాడ పెట్టినారు శెట్టిగారూ? ఒకసారి చూస్తా," అన్నాడు దావీదురాజు.

"నీకెందుకప్పా? భద్రంగానే ఉండాది."

చూస్తానన్నాడంటే కన్నేశాడన్నమాటే. ఆ సాయంత్రం తలుపుకు ఇంకో తాళం పడింది.

వానలు వచ్చి పోయాయి. కార్తీకంలో స్లాబుకు మంచిరోజు కుదిరింది. కప్పు పోయడం మధ్యలో ఆపే పని కాదు. ఆపితే అతుకు దగ్గర కారుతుంది. ముప్పై మంది కూలీలు వచ్చారు. వాళ్లకు పెట్టడానికి ఓళిగలు, మేస్త్రీకి కొత్త పంచెల చాపు సిద్ధంగా ఉన్నాయి. సగం కప్పు పడింది. అప్పుడు వెనక వరస మూటలు వచ్చాయి. ఒకదాన్ని దించితే దబ్బుమని చప్పుడైంది. కోసి చూస్తే లోపల సిమెంటు గట్టి బండ!

కేశవయ్య ఊగిపోయాడు. "మార్చేసినావు కదప్పా! మంచిది నీ అరుగుకు పాయె, చెడింది నాకొచ్చెనా?"

ముప్పై మంది చేతులూ ఆగిపోయాయి. దావీదురాజు కిందికి దిగి, మూటను అందరికీ కనబడేలా తిప్పాడు. ఎర్రటి 'శ్రీ'. పక్కన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

"ఈ రాత ఎవరిది శెట్టిగారూ?"

కేశవయ్య వంగి ఆ ఎర్రరంగును గోటితో గీకి చూశాడు.

"ఉప్పు చెమ్మ పట్టుకుంటాదని అంగడి మనిషికి నేను చెప్పల్లా? ఆ అరుగుకు సిమెంటు మా బామ్మర్ది తెచ్చినాడు. అడిగింటే చెప్పేవాణ్ణి."

కేశవయ్య మొలతాడు నుంచి తాళంచెవులు రెండూ విప్పాడు. "నువ్వే పోయి మంచివి ఏరుకో అప్పా. పని ఆపొద్దు."

"తాళంచెవులు మీ మొలకే ఉండనీండి. రేపు ఏదన్నా తక్కువైతే మళ్లా నన్నే వెతుకుతారు."

అంతే అన్నాడు. తాను కడుతున్న ఇంకో ఇంటాయన దగ్గరికి మనిషిని పంపాడు. ఆయన మేస్త్రీ పేరు వినగానే ఇరవై మూటలు చేబదులుగా ఇచ్చాడు. అతుకు లేకుండా దీపాల వేళకు కప్పు పూర్తయింది. దావీదురాజు చేతులు కడుక్కుని, ఓళిగ ముట్టకుండా, పంచెల వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మర్నాటినుంచి రాలేదు. మిగతా పనికి వేరే మేస్త్రీ వచ్చాడు.

మరుసటేడు కొత్త ఇంట్లో మొదటి పెద్ద వాన. కేశవయ్య పీట వేసుకుని కప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క చుక్క కారితే చాలు, తన అనుమానంలో కొంతైనా నిజముందనుకోవచ్చు. వాన గంటసేపు దంచికొట్టింది. కప్పు మీద చెమ్మ మచ్చైనా లేదు.

"ఏం వెతుకుతాండారు పైన?" అంది రాజ్యలక్ష్మమ్మ.

ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది. వాన వెలిశాక కూడా అలాగే కూర్చున్నాడు, చుక్క పడలేదని కళ్లనీళ్లు పెట్టుకుని.