ఒక్క విజిలంటే ఆగాలి

విజిలక్క అసలు పేరు ఆవిడ ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో అనుమానమే. సిటీబస్సులో కండక్టరు. ఒక విజిల్ వేస్తే బండి ఆగాలి, రెండు వేస్తే కదలాలి. లోకంలోని మిగతా వ్యవహారాలు కూడా ఇలాగే నడవాలని ఆవిడ గట్టి నమ్మకం. నడవకపోతే ఊరుకునే రకమూ కాదు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు "లోపల చోటు లేదక్కా" అంటే, "లేకపోతే దిగు నాయనా, రేపు మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పుకోను?" అనేది. వాళ్లు దిగేదాకా రెండో విజిల్ పడదు. వెనక సీట్లో పెద్ద ఆఫీసరు టైమైపోతోందని గింజుకున్నా సరే, బండి అంగుళం కదలదు.

ఆవిడ తమ్ముడు కొన్నాళ్లు ఆ బస్సుకే డ్రైవరు. ఇంట్లో అక్కాతమ్ముళ్లు కీచులాడుకుని వచ్చిన రోజు ఆ విజిల్‌లోనే తెలిసిపోయేది జనానికి. "ఏం డ్రైవరూ, పొద్దున్నే అక్షింతలు పడ్డాయా?" అని నవ్వేవాళ్లు. తర్వాత పరాయి దేశంలో కూలీలను పని జరిగే చోటికి చేర్చే బస్సుకు డ్రైవరు కావాలంటే అతను అక్కడికి వెళ్లాడు. ఆ బస్సుకు కండక్టరే ఉండడని తెలిసి విజిలక్క హడలిపోయింది. "కండక్టరు లేని బస్సేంట్రా, దిక్కూమొక్కూ లేకుండా!" అని, తన మెడలో ఉన్నటువంటిదే ఇత్తడి విజిల్ ఒకటి కొని తమ్ముడి మెడలో వేసి మరీ పంపింది.

వాడు ఫోన్ చేస్తే నవ్వులే నవ్వులు. "అక్కా, పొద్దున నేను విజిలేస్తే క్యాంపంతా లేచి కూర్చుంటోంది. మా పక్కమంచంవాడు నన్ను కోడిపుంజంటున్నాడు!" ఆ పక్కమంచంవాడు కూడా మనవాడే. ఫోను లాక్కుని, "అక్కా, మీ తమ్ముడికి కాస్త ఆలస్యంగా కూయమని చెప్పండి" అని బతిమాలేవాడు.

ఒకరోజు ఆ ఫోను రాలేదు. కంపెనీవాళ్లది వచ్చింది. మీవాడు బస్సు మెట్టు మీద జారిపడి చనిపోయాడన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటే ఇదే! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బస్సుల్లో పెరిగినవాడు మెట్టు మీద జారాడట, జారినవాడికి దెబ్బ నడినెత్తిన తగిలిందట! పెట్టెలో బట్టలొచ్చాయి, బూట్లొచ్చాయి. విజిల్ రాలేదు. పక్కమంచంవాడికి ఫోన్ చేస్తే, "నన్నేం అడక్కక్కా, నీకు దండం పెడతా" అని ఏడ్చి పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

విజిలక్క కూడా ఏడ్చింది. కడుపారా ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, యూనిఫాం వేసుకుంది. అక్కడినుంచి మొదలైంది చూడండి తిరుగుడు! కాళ్లకు బలపం కట్టుకుని ఎక్కిన గుమ్మం ఎక్కకుండా తిరిగింది. "ఇది మా పరిధిలోకి రాదమ్మా" అని ఒకాయన. "పరాయి దేశం వ్యవహారం కదమ్మా, మనమేం చేస్తాం" అని ఇంకొకాయన. పోయిన ప్రాణం మాత్రం ఈ దేశానిదే కదా, ఆ ముక్క ఒక్కడికీ తట్టదేం? ఒక ఆఫీసులో "ఇక వెళ్లిరామ్మా" అంటే, విజిలక్క కుర్చీలో సర్దుకుని కూర్చుని, "నా స్టేజీ ఇంకా రాలేదు సార్. వచ్చేదాకా దిగను" అంది. ఆయన ఫోన్ తీయక తప్పలేదు.

రోజూ ఆ బస్సెక్కే లాయరమ్మ కేసు తలకెత్తుకుంది. ఇప్పుడా బస్సు నడిపే డ్రైవరు బాబాయి, తమ్ముడికి స్టీరింగు నేర్పింది ఆయనే, ఎక్కినవాళ్లందరికీ సంగతి చెప్పి సంతకాలు పెట్టించాడు. అలా గీపెట్టగా గీపెట్టగా ఆ దేశపు కోర్టు విచారణ జరుపుతానంది. కుటుంబం తరఫున విజిలక్క ఇక్కడి నుంచే వీడియోలో హాజరు కావచ్చంది. కానీ ఒక మెలిక పెట్టింది. ఈ ఒక్క విచారణలో కొత్త సాక్ష్యం రాకపోతే, అది ప్రమాదమేనని కేసు శాశ్వతంగా మూసేస్తారు.

ఆ రోజు బస్టాండుకు ఎదురుగా ఉన్న ప్రభుత్వ కార్యాలయంలో పెద్ద తెర పెట్టారు. విజిలక్క మధ్యాహ్నం విరామంలో యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చింది. తెరలో జడ్జిగారు, ఒక పక్క కంపెనీ లాయరు, అతని వెనక కూలీల బస్సుల సూపర్‌వైజరు, గడ్డం మనిషి, ఇంకో పక్క మన భాష తెలిసిన దుబాసీ. సాక్షి బోనులో ఒక బక్కపలచటి మనిషి. అతను పేరు చెబుతుంటే ఆ గొంతు వినగానే పోల్చుకుంది. పక్కమంచంవాడు! ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

"నేనేమీ చూడలేదండీ" అన్నాడతను, తలెత్తకుండా.

లేచొచ్చిన ప్రాణం అక్కడికక్కడే చల్లబడింది. అతను పోయి ఆఖరు బెంచీలో కూర్చున్నాడు. కంపెనీ లాయరు ఏదో అన్నాడు. జడ్జిగారు కాగితాలు సర్దుకుంటున్నారు.

"అయిపోయిందమ్మా, మూసేస్తున్నారు" అన్నాడు దుబాసీ.

"అదేంటి! నేను మాట్లాడాలిగా! ఆగమనండి!"

"ముగించేశారమ్మా..."

"ఆగండీ!" అని అరిచింది. ఎవరూ ఇటు చూడలేదు. జడ్జిగారు కుర్చీలోంచి లేస్తున్నారు. లాయరమ్మ ఆపబోయే లోపే విజిలక్క చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అలవాటు ప్రాణం కదా! కోర్టూ తెలియలేదు, దేశమూ తెలియలేదు. జనం దిగకుండానే బండి కదిలిపోతోందన్న ఒక్కటే తెలిసింది.

ఒకే ఒక్క విజిల్. పొడుగ్గా లాగి, చివర కత్తెరేసినట్టు తెంపింది.

అక్కడి కోర్టంతా అదిరిపడింది. జడ్జిగారు సగం లేచినవారు అలాగే ఆగిపోయారు. దుబాసీ మొహం పాలిపోయింది. "కోర్టు ధిక్కారమే అక్కా, కొంప ముంచావ్!" అని లాయరమ్మ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు ఆఖరు బెంచీలో పక్కమంచంవాడు లేచి నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి పైకెత్తాడు. ఇత్తడి విజిల్!

"అక్కా!" అన్నాడు, జడ్జిగారితో కాదు, తెరవైపు తిరిగి, మన మాటలోనే. "ఆ రోజు కూడా వాడు ఇలాగే ఒక్కటే ఊదాడక్కా! బస్సుకు రెండింతల జనాన్ని ఎక్కించమన్నాడు ఈ సూపర్‌వైజరు. దింపితే గానీ బండి తీయనన్నాడు మీవాడు. విజిలూది కిందకి దిగి నిలబడ్డాడు. ఇతను రాడ్డెత్తి కొట్టాడు. నా కళ్లారా చూశాను. ఇది కింద పడితే తీసి దాచాను. నోరు విప్పితే నాకూ అదే గతన్నారక్కా, భయపడ్డాను!"

జడ్జిగారికింకా ఒక్క ముక్క తెలియదు. విజిలక్కకి అన్నీ తెలిసిపోయాయి. దుబాసీ గబగబా తర్జుమా చేస్తుంటే సూపర్‌వైజరు తలుపువైపు నడవబోయాడు. ఇద్దరు పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. జడ్జిగారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

"కేసు మూయట్లేదమ్మా!" దుబాసీ కూడా అరిచేశాడు. "అతన్ని కస్టడీలోకి తీసుకోమన్నారు. హత్య కేసు నడుస్తుంది. సాక్షికి రక్షణ ఇమ్మన్నారు. ఇంకా... కోర్టులో ఇంకెప్పుడూ విజిల్ వేయొద్దన్నారు!"

లాయరమ్మ ఎగిరి గంతేసింది. విజిలక్క తెర దగ్గరికి వెళ్లి, "నువ్వు జాగ్రత్త నాయనా, నువ్వు జాగ్రత్త" అని పక్కమంచంవాడికి పదేపదే చెప్పింది.

కిందకి దిగేసరికి బస్సు బయలుదేరే వేళయింది. సంగతి ఆవిడకంటే ముందే బస్టాండుకు చేరింది. లాయరమ్మ మెట్ల మీద నుంచే కేకేసింది మరి! కేరింతలు, చప్పట్లు. ఎక్కాల్సినవాళ్లూ ఎక్కక్కర్లేనివాళ్లూ అందరూ ఎక్కేశారు. డ్రైవరు బాబాయి కళ్లు తుడుచుకుంటూ ఇంజను స్టార్ట్ చేశాడు.

"రైట్ కొట్టక్కా!" అని అరుస్తున్నారు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లు.

విజిలక్క ఒక్కటే ఊదింది.

బాబాయి ఇంజను ఆపేశాడు. ఆవిడ వేలాడుతున్నవాళ్ల వంక చూస్తూ నిలబడింది. రోజూ వాదించేవాళ్లే వాళ్లంతా. ఆ పూట ముందు ఒకడు దిగాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు దిగి, రోడ్డు పక్కన నిలబడ్డారు.

"వెనక బండి వస్తోంది, అందులో రండి నాయనా" అని, కళ్లు తుడుచుకుని, అప్పుడు రెండు విజిళ్లు వేసింది.